చింతపట్ల హైమవతి బతికే ఉంది

బియ్యం కడుగుతుంటే వంటింటి గోడ మళ్లీ పలికింది. "చింతపట్ల హైమవతి గారూ, మీరు మరిచిపోయిన ఎనభై రెండు వేల రూపాయలు ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉన్నాయి. స్వయంగా వచ్చి తీసుకోగలరు."

ఊళ్లో గోడలన్నీ ఇలా పలకడం మొదలై ఏడాదైంది. నా భార్య హైమ పోయి నాలుగేళ్లు. పెళ్లికి ముందు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు అది. నా కంటి ఆపరేషన్‌కు సరిపోతుంది.

ఆ డబ్బు కోసం మూడోసారి ప్రభుత్వ ఆఫీసుకు వెళ్లాను.

"మంగిపూడి హైమవతి మరణించారు. చింతపట్ల హైమవతి అవివాహిత, జీవించి ఉన్నారు," అంది అక్కడి యంత్రం.

"ఇద్దరూ ఒకరే. పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది."

గుమస్తా రమీజా మంచినీళ్ల గ్లాసు నా చేతికందించింది. "దానికి ఎక్కదు మాస్టారూ. పుట్టింటి పేరుతో కూడా పోయినట్టు చెప్పేయండి. సాయంత్రానికి మీకు డబ్బు పడిపోద్ది."

తెర మీద ఇరవయ్యేళ్ల హైమ, రెండు జడలతో కనిపించింది.

"ఈమె మరణించారని నోటితో చెప్పండి," అంది యంత్రం.

"ఆస్పత్రి వరండాలో ఒకసారి చెప్పాను. మళ్లీ చెప్పించడానికి నువ్వెవరు? చెప్పను."

రమీజా తెర ఆపేసింది. నన్ను పట్టుకుని మెట్లు దింపింది.

మర్నాడు గోడ మళ్లీ హైమను పిలిచింది.

"ట్యూషన్ చెప్పడానికి వెళ్లింది," అని కసిరి, బియ్యంలో రాళ్లను వేళ్లతో తడిమి ఏరుకున్నాను.