జున్ను మెడలో పట్టీ

చేతికి కట్టుకునే మనసు పట్టీలొచ్చాక కాకినాడలో ఎవరూ పిల్లల్ని "ఎలా ఉన్నావే?" అని అడగడం లేదు. పట్టీ పచ్చగా వెలిగితే ఆటలకి, ఎర్రగా వెలిగితే పిల్లల మానసిక వైద్యురాలు హైమవతి దగ్గరికి. ఆవిడ చేతికీ ఆసుపత్రివాళ్లు ఒకటి తగిలించారు. విసుగొస్తే అది పసుపురంగుకి తిరుగుతుంది, వెంటనే మేనేజరు ఫోన్ చేస్తాడు.

ఆ వేళ శకుంతల తన పదకొండేళ్ల కూతురు ఆముక్తను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"సెలవులిచ్చిన దగ్గర్నుంచీ దీనికేదో అయిందండి. పట్టీ నా ఫోన్‌కి అన్నీ వింతగా పంపుతోంది. పగలంతా నిద్రేనంట. కిటికీలో పావురం వాలితే గుండె దడంట. నేను చేపలు తోముతుంటే పట్టరాని సంతోషమంట. ఇది చేప ముట్టదండీ! మందులు రాసెయ్యండి."

హైమవతి ఎప్పటిలాగే తల్లిని బయట కూర్చోబెట్టి, ఆముక్త పట్టీకి అంటుకున్న తెల్లటి బొచ్చు వేలితో తీసింది.

"పిల్లి పేరేంటమ్మా?"

ఆముక్త తల దించేసుకుంది. "జున్నండి. ఇంట్లో పట్టీ తీసి దాని మెడకి కట్టేస్తాను. నాకు ఏడుపు రాకముందే అమ్మకి తెలిసిపోతోందండి. కాసేపు కుదురుగా ఏడవనివ్వదు."

హైమవతి శకుంతలను లోపలికి పిలిచింది. "మందులక్కర్లేదమ్మా. పిల్ల నిక్షేపంలా ఉంది."

"అది కాదండీ, ఇంకో పరీక్షేదైనా..." అంటూ శకుంతల మళ్లీ మొదలుపెట్టింది. ఎంత నచ్చజెప్పినా వినలేదు. హైమవతి చేతి పట్టీ మెల్లగా పసుపురంగుకి తిరిగింది. బల్లమీద ఫోన్ మోగడం మొదలైంది.

ఆవిడ ఫోన్ ఎత్తకుండా ఆముక్త చెవి దగ్గరికి వంగింది.

"జున్ను పిల్లలు పెడితే నాకోటి ఇస్తావా?"