కంపుకి ఒక పేరు

కంపు అన్నంలోకి కూడా వచ్చేసింది. కిరణ్మయి ముద్ద నోటిదాకా తెచ్చి కంచంలోనే వదిలేసింది.

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఆ వరస క్వార్టర్లన్నిటిదీ అదే అవస్థ. ఎండాకాలపు గాలివాన, కాలబైశాఖి, పడ్డ మర్నాటి నుంచి మొదలైంది. మురిక్కాలవ అనుకుని పూడిక తీయించారు. చచ్చిన పందికొక్కు అనుకుని అటకలన్నీ వెతికారు. ఫినాయిల్ పోస్తే మరీ అన్యాయం, కుళ్లుకి తీపి తోడైంది. ఆరేసిన చీరల్లో అదే. ఎన్నిసార్లు ఉమ్మినా నాలుక మీద అదే.

"తవిటయ్య ఇంట్లోంచే వొస్తంది," అంది పక్క క్వార్టరు జోగమ్మ. "మనిషి అగుపడి ఎన్నాళ్లయినాది? తలుపు కొట్టినాను. పలకడు."

"ఎప్పుడు పలికినాడు గనకత్తా?" అన్నాడు ఎదురింటి గిరిబాబు. "నువ్వు పులుసు పట్టుకెళ్తే ఏటి సేసినాడు? సెంబుడు నీళ్లు మొకాన కొట్టినాడు. ఫేను తిరుగుతున్న సప్పుడు ఇనబడతంది కదేటి. ఉన్నాడులే."

"కింద మనిషి బతికున్నాడో లేదో ఫేనుకేటి తెలుస్తాదిరా?"

గిరిబాబు మూసి ఉన్న ఆ తలుపు వైపు చూశాడు.

తవిటయ్యకి పెళ్లాం పిల్లలు లేరు. నడుం నొప్పని సిక్ లీవులో ఉన్నాడు కాబట్టి వర్క్‌షాపులోనూ అతని కోసం ఎవరూ చూడరు.

కిరణ్మయికి ఆ ఇంటివైపు చూడాలంటేనే రోత. కిటికీ చువ్వల్లోంచి అతను ఉమ్మిన కిళ్లీ గోడ మీద చారలు కట్టింది. ఒకసారి కుళాయి దగ్గర అతని చెయ్యి తగిలితే, మోచేతిదాకా సబ్బు రుద్దుకుంది. ఈ కంపు బతికున్న తవిటయ్యదే అయినా ఆమెకు ఆశ్చర్యం లేదు. అలా అనుకున్నందుకు తనమీద తనకీ కొంచెం రోత పుట్టింది.

"గునపం తేరా గిరీ," అంది జోగమ్మ. "లోపల పడిపోయి ఉంటే? ఇంకా పేణం ఉంటే?"

"రైల్వే తలుపు బద్దలుకొడితే జవాబెవుడు సెప్తాడు? నువ్వా?" గొణుక్కుంటూనే వెళ్లి తెచ్చాడు. "ఠీక్ హై. టీచరమ్మా, మీరే సాక్షి," అన్నాడు కిరణ్మయితో.

తవిటయ్య ఇంటి వెనక తలుపు చెక్క పుచ్చిపోయింది, దెబ్బకి వస్తుంది. ముగ్గురూ ముక్కులు మూసుకుని పెరటివైపు తిరిగారు. ఈగలు జుయ్యిమంటున్నాయి. కిరణ్మయి ముక్కు మీద కొంగు బిగించి పిట్టగోడ దగ్గరే ఆగిపోయింది.

అక్కడినుంచే చూసింది. తడిమట్టిని చీల్చుకుని ఒక ఊదారంగు ముద్ద. ఆకు లేదు. కాడ కనబడదు. చర్మం ఒలిచిన మాంసంలా ఉంది.

"ఆగండి!" అని అరిచింది. "అది కంద పువ్వు!"

గిరిబాబు గునపం దించాడు. "కందకి పువ్వేటండీ? గోల్‌బజార్ల ఎన్ని కొన్నాను, దుంపే తప్ప ఎప్పుడూ సూడలేదు."

కిరణ్మయి స్కూల్లో చెప్పేది జీవశాస్త్రమే. పిట్టగోడ ఇవతల నుంచే, ముక్కు మీద కొంగు తియ్యకుండానే చెప్పింది.

"నిరుడు ఆకు ఎండలో వండిన తిండంతా దుంపలో దాచింది. వాన తగలగానే ఆ దాచిందంతా పువ్వుకి ఖర్చు పెడుతుంది. పూర్వం నీళ్లలో ఉన్నన్నాళ్లూ మొక్కల కాపురానికి నీళ్లే సాయం. నేలమీదికొచ్చాక ఎవరినో పిలవాలిగా! కొన్ని తేనె పెట్టి పిలుస్తాయి. ఇది విచ్చుకోగానే శవం కంపు వదుల్తుంది. ఎవరొస్తారు? ఈగలే. చూడండి, వచ్చేశాయి."

"ఓసి దీని దుంప తెగ!" అన్నాడు గిరిబాబు.

కబురు వరసంతా పాకింది. జనం వచ్చారు, దూరంగా నిలబడే ఫొటోలు తీసుకున్నారు. కంపు రవ్వంత కూడా తగ్గలేదు. కానీ ముక్కుల మీంచి కొంగులు జారాయి. ఎవరో కావాలనే గట్టిగా పీల్చి "వహ్వా" అన్నారు.

"పాపం తవిటయ్యని సంపేసినావు కదత్తా!" అన్నాడు గిరిబాబు.

"పోరా సచ్చినోడా." జోగమ్మ సిగ్గుపడింది. మళ్లీ తనే అంది, "ఎలాగూ వొచ్చినాం, ఓపాలి తలుపు తట్టి..."

"మళ్లీ సెంబుడు నీళ్లు కావాలేటి?"

అందరూ నవ్వారు. కిరణ్మయి కూడా నవ్వింది. గునపం వెనక్కి వెళ్లిపోయింది.

ఆ పూట ఆమె కడుపునిండా తింది. కంచం పక్కన అదే కంపు, కానీ దానికిప్పుడు పేరుంది. పేరున్నదాన్ని మనసు వాసన చూడదు.

మర్నాడు పొద్దున్న, పెరట్లోకి ఎండ దిగే వేళకి, ఆ కంద మొగ్గ మొదటిసారిగా విచ్చుకుని, అప్పుడే తన కంపు వదలడం మొదలుపెట్టింది.