కొంచెమా, చాలానా

పెద్ద పెద్ద ఆఫీసుల్లో ఏది పెరిగితే ఏది తగ్గుతుందో సున్నాలు చుట్టి, బాణాలు గీసి చెప్పడం నా కోడలి ఉద్యోగం. అంకెలు దొరకనిచోట మనుషుల్నే అడుగుతుందట, కొంచెమా, ఓ మోస్తరా, చాలానా అని. ఆ మాటలతోనే కంప్యూటరు లెక్క తేలుస్తుందట.

నా కొడుకు పోయాక ఆమెకు వేరే ఊళ్లో మంచి ఉద్యోగం వచ్చింది. వాడు తిరిగిన ఇల్లు వదిలి నేను రాలేనన్నాను. నన్ను వదిలి తానూ వెళ్లనని మొండికేసింది. ముప్పై నిండని పిల్ల, నా కోసం ఇక్కడే ఆగిపోతే ఎలా?

చివరికి నిన్న వంటింటి బల్ల మీద కాగితం పరిచి, మా ఇంటినే గీసింది.

"ఇది మీ తిండి అత్తయ్యా, ఇది మీ నిద్ర, ఇది మీ దిగులు."

"నా సున్నాలన్నీ గుమ్మడికాయల్లా ఉన్నాయేంటే?"

"నవ్వించకండి. నేను వెళ్లిపోతే మీ దిగులు ఎంత పెరుగుతుంది?"

"కొంచెం."

"నిజం చెప్పండి. కంప్యూటరు మీరేం చెబితే అదే నమ్ముతుంది."

"నిజమేనే తల్లీ. కొంచెమే."

సన్నటి బాణం గీసింది. ఆ బొమ్మంతా కంప్యూటరులోకి ఎక్కించి మీట నొక్కింది. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి, ఒకచోట నిలిచాయి.

"మీరు తట్టుకుంటారంటోంది" అంది, ముక్కు ఎగబీల్చుకుంటూ.

"చెప్పానా? వెళ్లి పెట్టె సర్దుకో."

నా కొడుకు పోయిన రోజు ఆసుపత్రిలో నర్సు నా చెయ్యి పట్టుకుని, "చాలా కష్టంగా ఉందామ్మా?" అని అడిగింది. ఆమెకీ కొంచెమనే చెప్పాను.