ఫెర్రీలో పెళ్లిచూపులు

“పైకి వెళ్లి మాట్లాడుకోండి. మేమిద్దరం ఇక్కడే కూర్చుంటాం,” అంది చాముండేశ్వరి, పట్టుచీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుంటూ.

ధాత్రి కదల్లేదు. తల్లి వైపు వంగి, “ఇప్పుడే చెప్పెయ్యాలా అమ్మా?” అని మెల్లగా అడిగింది.

“దీవి చేరేలోపు చెప్తే చాలు. బలవంతమేం లేదు. నువ్వు కాదంటే ఈ మాట ఇక్కడితో ఆగిపోతుంది. ఎవరమూ ఏమీ అనుకోం.”

పక్కనే కూర్చున్న రామ్మోహన్ గారు అవునన్నట్టు తలూపారు. ఆయన కొడుకు కిరీటి అప్పటికే మెట్ల దగ్గర నిలబడి ధాత్రి కోసం చూస్తున్నాడు.

పెళ్లిచూపులు ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారు, కాదంటే గుళ్లో పెట్టుకుంటారు. హాలిఫాక్స్ నుంచి దీవికి కొత్తగా వేసిన ఫెర్రీలో పెట్టుకోవాలన్న వింత ఆలోచన రామ్మోహన్ గారిది. ఊరంతా ఆ ఫెర్రీ గురించే చెప్పుకుంటోందట, ఎలాగూ ఎక్కి చూడాలి, పనిలో పని అన్నారట. తండ్రీకొడుకులు పొద్దున్నే తాముండే మార్కమ్ నుంచి విమానంలో వచ్చి తిన్నగా రేవులోనే తేలారు.

అసలీ సంబంధం మాట పుట్టింది ఆన్‌లైన్ సంగీతం క్లాసులో. చాముండేశ్వరికీ రామ్మోహన్ గారికీ అక్కడే పరిచయం. క్లాసులో చేరిందన్న మాటే గానీ చాముండేశ్వరి ఏనాడూ నోరు విప్పి పాడింది లేదు. మైకు మ్యూట్‌లో పెట్టుకుని అందరి పాటా వినేది.

ధాత్రి, కిరీటి వెళ్లి కూర్చున్న పై డెక్కు మీద సీట్లకు ప్లాస్టిక్ కవర్లు ఇంకా ఊడదీయలేదు. కొత్త పెయింటు వాసనలో ఉప్పుగాలి కలిసిపోయింది. పొగమంచు మెల్లగా కమ్ముకొస్తుంటే రేవు, నేవీ ఓడలు, వంతెన ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఇంతసేపూ అక్కడో ఊరుందంటే నమ్మబుద్ధి కాలేదు ధాత్రికి. టూరిస్టులు కెమెరాలు పట్టుకుని, కనిపించని దీవి కోసం తెల్లటి శూన్యంలోకి చూస్తున్నారు.

“నా వైపు నుంచి సరేనండీ,” అన్నాడు కిరీటి. “ఇక మీ మాటే మిగిలింది.”

“అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నారు?”

“ఈ సంబంధం మాట మొదలయ్యాక నాన్న రోజూ వాకింగ్‌కి వెళ్తున్నారు. ఆకలేస్తోంది అంటున్నారు. అమ్మ పోయాక ఆ మాట ఆయన నోట విన్లేదు. ఇంకేం కావాలి నాకు?”

ఆ జవాబు ధాత్రికి నచ్చింది. గొప్పలు పోతాడేమోనని పొద్దుటి నుంచీ బెంగపడుతూనే ఉంది మరి.

“ఒకటి ముందే చెప్పేస్తున్నా. తర్వాత దాచిపెట్టారని అనకూడదు,” అన్నాడు కిరీటి. “గురక ఉంది. పక్క అపార్ట్‌మెంటు వాళ్లు కంప్లైంట్ కూడా చేశారు.”

“మీకా?”

“నాకు కాదు, నాన్నకి.”

ధాత్రి ఫక్కున నవ్వింది. “మా అమ్మ పప్పులో ఉప్పు మర్చిపోతుంది. పైగా వేశానని వాదిస్తుంది.”

“మంచిదేగా. నాన్నకి బీపీ.”

తమ సంగతులు వదిలేసి పెద్దవాళ్ల లోపాలు ఏకరువు పెట్టుకునే పెళ్లిచూపులు ఇంకెక్కడా జరిగి ఉండవు. ధాత్రి నవ్వు ఆపుకుని, అసలు విషయానికి వచ్చింది.

“అమ్మ హాలిఫాక్స్ వదిలి రాదు. నన్ను చూడకుండా ఉండలేదు. నేనూ ఉండలేను. నా షరతు అదొక్కటే.”

“నాన్నకి తెలుసు. మార్కమ్ ఇల్లు అద్దెకిచ్చేసి ఇటే వచ్చేద్దామంటున్నారు. నాది లాప్‌టాప్ ఉద్యోగం, ఎక్కడైనా ఒకటే.”

ఇంక అడ్డు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అయినా ధాత్రి వెంటనే సరే అనలేదు. నాన్న గుర్తొచ్చాడు. ఆదివారాలు తనని అవతలి ఒడ్డుకు వెళ్లే డార్ట్‌మత్ ఫెర్రీ ఎక్కించి, దిగాల్సిన పనేమీ లేకపోయినా అటూ ఇటూ తిప్పేవాడు. ఆయన లేని ఇంట్లో పెళ్లేమిటని మనసు మొరాయిస్తోంది. కిటికీ పక్కన ఆయన కుర్చీలో ఇంకెవరో కూర్చుని కాఫీ తాగుతుంటే తను చూడగలదా?

“మీ నాన్నగారు గుర్తొస్తున్నారు కదూ?” అన్నాడు కిరీటి. “నాకూ అమ్మ గుర్తొచ్చిందండీ. నేనూ ఒక్క రోజులో ఒప్పుకోలేదు.”

ధాత్రి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మంచు మరీ చిక్కబడటంతో ఫెర్రీ వేగం తగ్గించింది. ఇంజన్ మోత సద్దుమణిగింది. పడవ నీళ్ల మీద ఉందో, మబ్బుల్లో ఉందో తెలియడం లేదు. ఆ నిశ్శబ్దంలో కింది నుంచి సన్నగా ఒక పాట వినిపించింది. ముందు అది మంచులోంచే వస్తోందనుకుంది ధాత్రి. తర్వాత ఆ గొంతు గుర్తుపట్టి ఉలిక్కిపడింది.

అమ్మ పాడుతోంది. నాన్న పోయాక మూగబోయిన గొంతు, అక్కడక్కడా జీరపోతూ, శ్రుతి తప్పి మళ్లీ దారిలో పడుతూ పాడుతోంది. తన చిన్నప్పుడు వంటింట్లోంచి వినిపించిన పాటే. ఒక చరణం మధ్యలో ఆగిపోతే రామ్మోహన్ గారు మెల్లగా అందించారు. అమ్మ నవ్వి, మళ్లీ అందుకుంది.

ఈ పాట ఆగిపోవడం నాన్నకు మాత్రం ఇష్టమవుతుందా? ధాత్రి కళ్లు తుడుచుకుని లేచింది.

“పదండి, వెళ్లి చెప్పేద్దాం,” అంది కిరీటితో.

ఇద్దరూ మెట్లు దిగి వచ్చేసరికి మంచు కాస్త విడిపోయి, దీవి అంచు పచ్చగా కనిపిస్తోంది. చాముండేశ్వరి చటుక్కున పాట ఆపి లేచి నిలబడింది. రామ్మోహన్ గారూ లేచారు. ఇద్దరూ తన ముఖంలోకే చూస్తుంటే ధాత్రికి జాలీ నవ్వూ ఒకేసారి వచ్చాయి. చల్లబడిపోయిన తల్లి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

“రామ్మోహన్ అంకుల్‌ని పెళ్లి చేసుకో అమ్మా.”