నారింజ తొక్క వాసన

"ఇదీ బాగోలేదు" అని గ్లాసు పక్కకు జరిపాను.

గుడివాడ బార్లో సర్వర్ నవ్వాడు. "బందరు తిరిగొచ్చారు, అవనిగడ్డ తిరిగొచ్చారు. ఇంతకన్నా మంచి క్రాఫ్ట్ బీరు కావాలంటే ఇక బెంగుళూరే వెళ్లాలండీ."

బెంగుళూరులోనే తాగాం, నేనూ నా భార్య కరుణా. "ముందు వాసన చూడండి, నారింజ తొక్క!" అంది తను. మా ఇద్దరికీ వచ్చిన జ్వరంలో తను పోయి నాలుగు నెలలైంది. ఆ వాసన ఒక్కసారి దొరికితే చాలనుకున్నాను. ఏ షాపులో కొన్నా సీసాలో నీళ్లే. నా వంటా చప్పగానే ఉండేది. తన చెయ్యి లేక అనుకున్నాను.

మిగిలిన సీసా ఇంటికి తెచ్చి, టీ పెట్టుకుందామని లైటర్ అందుకున్నాను.

"బాబాయ్‌గారూ, వెలిగించకండి!" పక్కింటి ఝాన్సీ పరుగున వచ్చి లైటర్ లాక్కుంది. సిలిండర్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచింది. "గ్యాసు కంపు వీధిలోకి కొడుతోంది. మీకు తెలియట్లేదా?"

తెలియలేదు. కాసేపటికి సీసా మూత తీసి ఆమెకు అందించాను.

"ఛీ, బీరా!" అంది. మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. "అదేంటండీ, నారింజ తొక్కలా ఉంది?"

అసలు భయం అప్పుడు వేసింది.

కరుణ చీరల్లో తన వాసన పోయిందని, ఎవరికైనా ఇచ్చేద్దామని ఆ ఉదయమే మూట కట్టాను. ఇప్పుడు ఆ మూట విప్పి ఒక చీర తీశాను.

"ఇందులో ఏమైనా ఉందేమో చూడమ్మా."

ఝాన్సీ చీరను ముఖానికి ఆనించుకుంది. ఎంతసేపటికీ తియ్యలేదు.