పేరు పట్టని గడి

“అన్న కూతురివి కదా అని పిలిస్తే, అందరి ముందూ నా పరువు తీస్తావేంటే?” నీటి సరఫరా కేంద్రం చీఫ్ ఇంజనీరు పళ్లు నూరాడు.

“పరువు సంగతి తర్వాత బాబాయ్. మీ ప్రోగ్రాంకి కన్నముంది,” అంది ఆమె తాపీగా. కంప్యూటర్లలోకి దొంగలు దూరే దారులు వెతికిపెట్టడమే ఆమె ఉద్యోగం.

ఊరికి ఏ వాల్వు ఎప్పుడు తెరవాలో, నీళ్లలో క్లోరిన్ ఎప్పుడు ఎంత కలపాలో, అంతా ఆ ప్రోగ్రామే చూసుకుంటుంది. పనికో పేరు పెట్టి, టైమిస్తే చాలు.

“ఆ పేరు రాసే గడిలోనే ఉంది తంటా. దాంట్లో పట్టేవి కాసిని అక్షరాలు. బారెడు పేరు రాస్తే, పట్టనిది ఒలికిపోయి పక్కనున్న ఆదేశాల మీద పడుతుంది. ఒలికినదాన్నే ఇది ఆదేశమనుకుంటుంది. బయటివాడెవడో క్లోరిన్ పదింతలు చెయ్యమన్నా చేసేస్తుంది.”

“చూసొచ్చినట్టే చెబుతున్నావే!”

“చూశాను. మీరిచ్చిన ఈ ప్రోగ్రాం అసలు సీడీని నా లాప్‌టాప్‌లో వేసుకున్నా. ఒక్క దెబ్బకి లొంగిపోయింది.”

“అయితే ఇక్కడా లొంగదియ్యి!”

ఆపరేటర్లు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. ఆమె చేతులు ముందుకి చాచి, వేళ్లు విరుచుకుని, బారెడు పేరొకటి టకటకా కొట్టింది.

‘పేరు మరీ పొడవుగా ఉంది’ అంది తెర. ఇంకేమీ కాలేదు.

గది గొల్లుమంది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే మాట.

“ఇంటికెళ్లి హాయిగా పడుకో తల్లీ,” బాబాయ్ మీసం దువ్వుకున్నాడు.

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. తన లెక్క తప్పలేదు, అందులో అనుమానం లేదు. మరి ఇదెందుకు లొంగలేదు?

“ఈ మధ్య దీన్నెవరైనా బాగుచేశారా బాబాయ్?”

“పెట్టిన రోజు నుంచీ దీని జోలికి ఒక్కడు పోలేదు. నేను పోనిస్తేగా!”

ఆమె దిగ్గున లేచి, కంప్యూటర్ వెనక నెట్ వైరు పట్టుకుని ఒక్క లాగు లాగింది. నవ్వులు ఆగిపోయాయి.

“క్లోరిన్ పంపులు ఆపించండి బాబాయ్, ఇప్పుడే! కన్నం మీరు పూడ్చలేదంటే, ఎవడో ఇందులోంచే లోపలికి దూరి, ఇంకొకడు రాకుండా పూడ్చుకున్నాడు.”