కోళ్లు లేని ఇంట్లో నక్క

"గన్ను కోసమేనా?" తలుపు తీస్తూనే అడిగాడు ల్యూథర్.

"జున్నా? వద్దురా, డాక్టరు పాలసరుకు మానెయ్యమన్నాడు" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఎమ్మెట్.

"జున్ను కాదురా చెవిటి మాలోకమా, గన్ను! ఈ మధ్య నా గడప తొక్కిన ప్రతివాడూ అందుకేగా వస్తున్నాడు!"

ఎమ్మెట్ మొహంలో నెత్తురు ఇంకిపోయింది. చెవి పక్కన నలభై ఏళ్లు తుపాకులు పేల్చినవాడికి జున్నుకూ గన్నుకూ తేడా వినపడకపోవడం వింత కాదు. కాని తను వచ్చింది అచ్చంగా దాని కోసమే.

మే నెలలో ల్యూథర్ భార్య నోరీన్ పోయింది. ఆ దెబ్బతో ల్యూథర్ గొర్రెల్ని అమ్మేశాడు. గడ్డం గీయడం మానేశాడు. అంత్యక్రియలనాడు పాస్టరు గ్రేడీ కొందరు మగవాళ్లను చర్చి వెనక్కి పిలిచాడు. "మనిషి మనసు బాగాలేదు. ఇంటినిండా తుపాకులు. ఏదో ఒక వంక పెట్టి తలా ఒకటి తెచ్చేసుకోండి. అసలు సంగతి మాత్రం వాడి దగ్గర ఎత్తకండి" అన్నాడు.

మొంటానాలో తుపాకి అరువడగడం సుత్తి అరువడిగినట్టే. ఎవరూ వింతగా చూడరు. జింకల వేట సీజనని ఒకడు పట్టుకెళ్లాడు. అల్లుడికి చూపిస్తానని ఇంకొకడు. అలా వంకలు పెట్టి, ఏ వంకరా లేని మనిషిని మోసం చేశారు. ఇక మిగిలింది పడకగది సొరుగులోని పిస్తోలు. అది ఎమ్మెట్ వంతు. పట్టిన చేప పొడవు విషయంలో తప్ప ల్యూథర్‌తో ఎమ్మెట్ ఏనాడూ అబద్ధమాడి ఎరగడు.

"నక్కరా" అన్నాడు నేల చూపులు చూస్తూ. "కోళ్ల మీద పడుతోంది. నీ పిస్తోలు కాస్త..."

"నీ రైఫిలేమైంది?"

"దాని గురి సరిగా లేదు."

"దాని గురా, నీ చెవా? అది సరే, నీకు కోళ్లెక్కడివి?"

"కొంటున్నా."

"ముందు నక్కను పిలిచి, తర్వాత కోళ్లను పిలుస్తున్నావన్నమాట. విందు బాగుంది!"

ఎమ్మెట్ అబద్ధం పేలకుండానే తుస్సుమంది. అయినా ల్యూథర్ లోపలికెళ్లాడు. పిస్తోలులో తూటాలు తీసేసి, నోరీన్ వంటింటి తువ్వాలులో చుట్టి తెచ్చాడు. తూటాల డబ్బా కూడా చేతిలో పెట్టాడు.

"జాగ్రత్తరా" అన్నాడు.

ఆ మాట ఎమ్మెట్ గుండెలో గుండై దిగింది. ఇంటికెళ్లి పిస్తోలును ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. మనసుకు వేసే తాళం ఏ కొట్లోనూ అమ్మరు. భార్య భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. దొంగకైనా కాస్త ధైర్యం ఉంటుంది, తనకు అదీ లేకపోయె. నిజం తెలిస్తే ల్యూథర్ ఇక మొహం చూడడు. మొహమే చూడకపోతే వాణ్ణి కనిపెట్టుకుని ఉండేదెవరు?

మర్నాడు సాయంత్రం ఊరి హాల్లో సభ. రాష్ట్రంలో కొత్త చట్టం తెస్తారట. ఎవరైనా ప్రాణం తీసుకుంటాడనిపిస్తే, ఇంటివాళ్లు జడ్జికి చెప్పి అతని తుపాకులు కొంతకాలం తీయించెయ్యొచ్చు. ఊరు ఊరంతా వచ్చింది. తుపాకి దెబ్బకు దొరకని దాణాకొట్టు డెన్జిల్ కూడా ముందే వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు.

"ఇవాళ కొంతకాలం అంటారు, రేపు కలకాలం అంటారు!" అని కేకేశాడు.

"కాలం చేసినవాళ్ల గురించి కూడా మాట్లాడు డెన్జిల్" అంది రొవీనా టీచర్. "ఈ చట్టం అప్పుడే ఉంటే మా అన్న ఇవాళ ఉండేవాడు."

ల్యూథర్ లేచి మైకు దగ్గరికి నడిచాడు.

"టీచరమ్మా, మీ అన్న నాకూ స్నేహితుడే. అయినా నాకీ చట్టం నచ్చదు. జడ్జి పేరు చెప్పి నా ఇంటికొచ్చి తుపాకి పట్టుకుపోయేవాడు ఇంకా పుట్టలేదు."

హాల్లో కొందరు మగవాళ్లు తమ బూట్లను మొదటిసారి చూస్తున్నట్టు చూసుకోసాగారు. ఎమ్మెట్ ఇక ఉండబట్టలేకపోయాడు.

"జడ్జి పేరు చెప్పలేదు గాని, నక్క పేరు చెప్పి పట్టుకుపోయినవాడు పుట్టాడురా" అంటూ లేచాడు. "నేనే. నక్క లేదు. కోళ్లూ లేవు. నువ్వేమైపోతావోనని భయమేసి నీకు అబద్ధం చెప్పా. తిట్టు, కొట్టు, నా గడప తొక్కడం మానెయ్. పిస్తోలు మాత్రం తిరిగి అడక్కు."

ఆ వెనకే జింకలవాడు లేచాడు. అల్లుడివాడూ లేచాడు. అసలు అతనికి కూతుళ్లే లేరు.

"చూశారా! చట్టమెందుకు? స్నేహితులు చాలు!" చప్పట్లు కొట్టాడు డెన్జిల్.

"మా అన్నకు నక్క కథ చెప్పేవాడు దొరకలేదు" అంది రొవీనా.

చప్పట్లు ఆగిపోయాయి. ఎమ్మెట్ తల ఎత్తలేదు. ల్యూథర్ మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"కూర్చోండిరా అందరూ" అన్నాడు చివరికి. "నోరీన్‌ను సమాధి చేసిన రోజు పొద్దున్నే పాస్టరు కాళ్లావేళ్లా పడి, 'ఇంట్లో అవి ఉంటే నా మీద నాకే నమ్మకం లేదు, ఎవరినైనా పంపి పట్టించెయ్యండి, అడిగింది నేనని మాత్రం చెప్పకండి' అని బతిమాలింది నేనేరా!"